అడిగినవారందరికీ బీరువా తాళం ఇవ్వరాదు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, వైద్య బిల్లుల గురించి మాట్లాడడానికి నాకంటే సమర్థులు ఈ వేదికమీదనే ఉన్నారు. కనుక కార్యదర్శిగారు ఇచ్చిన ఇరవై నిమిషాల్లో వేరొక విషయం విన్నవించుకుంటాను. అది మనందరి జేబుల్లోనూ, చేతిసంచుల్లోనూ ఉన్న సెల్‌ఫోను. నేను ఇంజనీరును కాను. ఎల్.డి.సి.గా చేరి సీనియర్ అసిస్టెంటుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. అందులో చాలా ఏళ్లు రికార్డు సెక్షన్‌లోనే గడిచాయి. ఏ కాగితం ఎవరికి ఇవ్వవచ్చు, ఎవరికి ఇవ్వరాదు అని చూడడమే నా ఉద్యోగం. ఈ ఫోను వ్యవహారమంతా చివరకు ఆ ప్రశ్న దగ్గరకే వస్తుందని నా అభిప్రాయం.

మన రికార్డు రూములో పద్ధతి ఎలా ఉండేదో ఒక్కసారి గుర్తుచేసుకోండి. ఎవరికైనా పాత ఫైలు కావాలంటే రిక్విజిషన్ స్లిప్పు రాసి పంపాలి. ఏ ఫైలు, ఏ సంవత్సరం, ఏ పనిమీద, ఎవరి సంతకం అన్నవి అందులో ఉండాలి. ఫైలు వెళ్లిన చోట ఆ స్లిప్పు పెట్టేవాళ్లం. పని కాగానే తిరిగి రావాలి, రాకపోతే రిమైండరు వెళ్లేది. అడిగినవారు ఎంత పెద్ద అధికారి అయినా అడిగిన ఫైలు ఇచ్చేవాళ్లమే గాని, బీరువా తాళం చేతికిచ్చి ‘కావలసింది చూసుకోండి’ అనేవాళ్లం కాదు. పైగా ప్రతి కాగితానికీ ఆయుష్షు ఉండేది. ఆర్.డిస్. అయితే శాశ్వతం, డి.డిస్. అయితే పదేళ్లు, ఎల్.డిస్. అయితే కొద్దికాలం. ఆపైన నాశనం చేయడమే నియమం.

ఇప్పుడు మన ఫోనును ఒక బీరువా అనుకోండి. అందులో ఏముందో చూడండి. బంధువుల, స్నేహితుల నంబర్లు ఉన్నాయి. మనవల ఫొటోలు, ఆస్పత్రి రిపోర్టులు, పాస్‌బుక్కు మొదటి పేజీ ఫొటో ఉన్నాయి. బ్యాంకునుంచి వచ్చే మెసేజీలు, ఓటీపీలు ఉన్నాయి. ఉదయం నడకకు ఎటు వెళ్తున్నామో, గుడికి ఏ వేళకు వెళ్తున్నామో, ఇంట్లో ఎప్పుడు ఉండమో అన్నదీ ఉంది. ఇన్ని రికార్డులున్న బీరువాకు వచ్చే రిక్విజిషన్లనే ‘పర్మిషన్లు’ అంటున్నారు. యాప్ తెరవగానే తెరమీద వచ్చే చిన్న ప్రశ్న అదే: ‘మీ కాంటాక్టులు చూడనిస్తారా? మీ మైకు వాడుకోనిస్తారా?’ మనలో చాలామంది అది చదవకుండానే ‘అలౌ’ నొక్కుతున్నారు, లేదా పక్కనున్న కుర్రవాడిచేత నొక్కిస్తున్నారు.

మా కోడలు మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో పనిచేస్తుంది. ‘‘ఈ ప్రశ్న అడగకుండా తీసుకోలేరా అమ్మా?’’ అని ఒకసారి అడిగాను. ‘‘లేదు మామయ్యగారూ, ఫోనులో ప్రతి యాప్‌కూ విడిగా ఒక గది ఉంటుంది. పక్క గదిలోది కావాలంటే ఫోను నడిపే వ్యవస్థ తలుపు తీయాలి. ఏమేమి కావాలో యాప్ తయారుచేసేటప్పుడే జాబితా రాసి జతచేస్తాం. దాన్ని మానిఫెస్ట్ అంటాం. అందులో ముఖ్యమైనవాటికి మిమ్మల్ని అడగక తప్పదు’’ అని చెప్పింది. మన ఎన్‌క్లోజర్ల జాబితా వంటిదేనన్నమాట.

ఈ అడగడం కూడా మొదటినుంచీ లేదు. 2015కు ముందు ఆండ్రాయిడ్ ఫోన్లలో యాప్ పెట్టుకునేటప్పుడే జాబితా అంతటికీ ఒకేసారి ఒప్పుకోవాలి, లేకపోతే యాప్ మానుకోవాలి. 2015లో వచ్చిన ఆరో ఆండ్రాయిడ్ నుంచి, అవసరం వచ్చినప్పుడు ఒక్కొక్కటీ విడిగా అడిగే పద్ధతి వచ్చింది. 2019లో ‘యాప్ వాడుతున్నప్పుడు మాత్రమే’ మనమున్న చోటు చెప్పే వీలు, 2020లో ‘ఈ ఒక్కసారికి’ అనే వీలు వచ్చాయి. కెమెరాగాని, మైకుగాని పనిచేస్తుంటే తెరపైన చిన్న చుక్క వెలిగే ఏర్పాటు ఐఫోనులో 2020లోను, ఆండ్రాయిడ్‌లో 2021లోను వచ్చింది. అంటే రిక్విజిషన్ స్లిప్పులు, వాటి మీద గడువులు, రిజిస్టరు అన్నీ ఫోనులోకి ఒక్కొక్కటిగా వచ్చాయి. సంతకం పెట్టే మనమే చదవడం లేదు.

చదవకపోతే ఏమవుతుంది అని అడుగుతారు. దూరం వెళ్లనక్కరలేదు, మన ఊళ్లో జరిగింది చెబుతాను. 1998 నవంబరులో అప్పటి ప్రధాని వాజపేయిగారు సైబర్ టవర్స్‌ను ప్రారంభించినప్పుడు ఆ చుట్టుపక్కల బండరాళ్లు, తుప్పలే ఎక్కువ. ఇప్పుడు అక్కడినుంచి గచ్చిబౌలి దాకా మన పిల్లలు లక్షల సంఖ్యలో పనిచేస్తున్నారు. ఆ ప్రాంతపు శాంతిభద్రతలు చూసే సైబరాబాద్ పోలీసుల ముందుకు 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వ్యవహారం వచ్చింది. కరోనా వల్ల చాలామందికి జీతాలు తగ్గి, ఉద్యోగాలు పోయిన రోజులవి. ష్యూరిటీ లేదు, కాగితాలు లేవు, ఐదు నిమిషాల్లో డబ్బు అని ఆ యాప్‌లు ఆశ చూపాయి. ఫీజుల కింద ముందే కోసుకుని మిగతాది ఇచ్చేవారు. వారం రోజుల్లో మొత్తం కట్టాలి. షరతు ఒక్కటే: కాంటాక్టులు, ఫొటోలు చూడడానికి ‘అలౌ’ నొక్కాలి.

వారు పెట్టుకున్న తాకట్టు అదే. మన కాలంలో బంగారమో, పొలం కాగితమో తాకట్టు పెట్టేవారు. ఇక్కడ తాకట్టులోకి పోయింది మనిషి పరువు. వాయిదా ఒక్క రోజు దాటితే ఫోనులోని నంబర్లన్నిటికీ ఫోన్లు వెళ్లేవి. అత్తగారికి, మేనేజరుకు, చిన్ననాటి మాస్టారుకు ‘ఈయన మోసగాడు’ అని మెసేజీలు వెళ్లేవి. ఫొటోలను అసభ్యంగా మార్చి పంపేవారు. తెలంగాణలో కొందరు ఆ అవమానం తట్టుకోలేక ప్రాణాలు తీసుకున్నారు. వారిలో చదువుకున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగి కూడా ఉన్నాడు. హైదరాబాద్, సైబరాబాద్ పోలీసులు కాల్ సెంటర్లమీద దాడులు చేసి పలువురిని అరెస్టు చేశారు. అదే డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2021 జనవరిలో అధ్యయనానికి ఒక బృందాన్ని వేసింది. 2022 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాల్లో స్పష్టంగా రాసింది: అప్పిచ్చే యాప్‌లు ఫోనులోని ఫైళ్లు, ఫొటోలు, కాంటాక్టులు, కాల్ వివరాల జోలికి పోరాదు, కెమెరా, మైకు, లొకేషన్ వంటివి ఖాతా ప్రారంభించడానికి అవసరమైతే కస్టమరు స్పష్టమైన సమ్మతితో ఒక్కసారి మాత్రమే వాడుకోవాలి. 2023 మే నెలాఖరునుంచి గూగుల్ కూడా తన ప్లే స్టోరులో ఉండే అప్పుల యాప్‌లు కాంటాక్టులు, ఫొటోలు తీసుకోరాదని నియమం పెట్టింది. ఇదంతా మంచిదే. అయితే ప్లే స్టోరులోంచి కాకుండా వాట్సాప్ లింకుల ద్వారా వచ్చే యాప్‌లకు ఆ నియమం వర్తించదని మరువకండి.

ఈ సంగతి చెప్పినప్పుడల్లా మన మిత్రులు కొందరు ‘‘నా దగ్గర దాచుకోవలసిందేముందండీ? వచ్చే పెన్షను అందరికీ తెలిసిందే’’ అంటారు. వారి నిజాయితీని నేను శంకించను. కాని ఒక్క మాట ఆలోచించండి. మీ ఫోనులో 300 నంబర్లు ఉంటే అందులో మీది ఒక్కటే. మిగతా 299 మిమ్మల్ని నమ్మి ఇచ్చినవారివి. మీ చెల్లెలి నంబరు ఎవరికో ఇవ్వడానికి మీరు ఒప్పుకుంటే సరిపోతుందా? రికార్డు రూములోని సర్వీసు రిజిస్టర్లు నావి కావు, నేను కస్టోడియన్‌ను మాత్రమే. ఆ అప్పుల యాప్‌ల వ్యవహారంలో అప్పు తీసుకోనివారికి, ఆ యాప్ పేరే వినని ముసలివారికి కూడా బూతులు పడ్డాయి. వారు ఎక్కడా ‘అలౌ’ నొక్కలేదు. వారి తరఫున మరొకరు నొక్కారు. కనుక ఇది మన దాపరికం సంగతి కాదు. మనమీద ఇతరులు పెట్టిన నమ్మకం సంగతి.

ఇక రెండో మాట. మన ఫోను మనం ఎంత జాగ్రత్తగా పెట్టుకున్నా సగం పనే అయినట్టు. 2023 ఏప్రిల్ 1న సైబరాబాద్ పోలీసులు ఒక అరెస్టు ప్రకటించారు. హర్యానాలోని ఫరీదాబాద్ నుంచి పనిచేస్తున్న ఒక వ్యక్తి దగ్గర 66.9 కోట్ల మంది వ్యక్తుల, సంస్థల వివరాలు దొరికాయన్నారు. అవి 24 రాష్ట్రాలు, 8 మహానగరాలకు చెందినవి. అందులో విద్యార్థులు, పాన్ కార్డుదారులు, ప్రభుత్వోద్యోగులు ఉన్నారు; సీనియర్ సిటిజన్లు అని మన వర్గం కూడా విడిగా ఉంది. అంతకు కొద్ది రోజుల ముందు, మార్చిలో, 16.8 కోట్ల మంది వివరాలు అమ్ముతున్న మరో ముఠాను వారే పట్టుకున్నారు. మన ఫోనులో తలుపు మూసి ఉన్నా, మనం ఒకప్పుడు ఇచ్చిన వివరాలు ఎవరి గోడౌనులోంచో బయటికి పోతే మనం చేయగలిగింది లేదు. ‘మీ పి.పి.ఓ. నంబరు ఇది కదా, మీ పుట్టినతేదీ ఇది కదా’ అని ఎవరో ఫోను చేసి చెబితే అతడు ట్రెజరీ మనిషే అని నమ్మవద్దు. మన వివరాలు తెలిసినంత మాత్రాన మనవాడు కాడు. ఈ రోజుల్లో అవి సంతలో దొరుకుతున్నాయి.

అలా బయటికి పోకుండా చూడవలసింది చట్టం. ఆ చట్టానికి పునాది వేసినవారిలో ఒకరు మన వంటి పెన్షనరే అని చెప్పడానికి నాకు గర్వంగా ఉంది. జస్టిస్ కె.ఎస్. పుట్టస్వామిగారు కర్ణాటక హైకోర్టు న్యాయమూర్తిగా రిటైరయ్యారు. తరువాత 1990లలో మన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వెనుకబడిన తరగతుల కమిషన్‌కు ఛైర్మన్‌గా పనిచేశారు. పుట్టస్వామి కమిషన్ అనే మాట మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆయన 2012లో, 86 ఏళ్ల వయస్సులో, ఆధార్‌ను ప్రశ్నిస్తూ సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం ఏకగ్రీవంగా, వ్యక్తిగత గోప్యత రాజ్యాంగం ఇచ్చిన ప్రాథమిక హక్కు అని తీర్పు చెప్పింది. ఆ తొమ్మిదిమందిలో మన కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ చలమేశ్వర్‌గారు ఉన్నారు. 2023లో ఆంధ్రప్రదేశ్ గవర్నరుగా వచ్చిన జస్టిస్ అబ్దుల్ నజీర్‌గారూ ఉన్నారు. పుట్టస్వామిగారు 2024 అక్టోబరులో 98 ఏళ్ల వయస్సులో కాలధర్మం చెందారు. ‘ఈ వయస్సులో మనకెందుకులే’ అని మనలో ఎవరైనా అన్నప్పుడు నాకు ఆయనే జ్ఞాపకం వస్తారు.

ఆ తీర్పు తరువాత 2023 ఆగస్టులో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నిబంధనలు 2025 నవంబరులో నోటిఫై అయ్యాయి. ముఖ్యమైన బాధ్యతలు అమలుకావడానికి అప్పటినుంచి 18 నెలల గడువు ఇచ్చారు. అందులో మనం ఎరిగి ఉండవలసినవి నాలుగు. మొదటిది, ఏ పనికి అడిగారో ఆ పనికి అవసరమైన మేరకే సమ్మతి చెల్లుతుంది. చట్టంలోనే ఒక ఉదాహరణ రాశారు: ఫోనులో డాక్టరు సలహా ఇచ్చే యాప్ ఒకటి కాంటాక్టులు కూడా అడిగింది, ఆమె రెండింటికీ సరే అంది. అయినా వైద్యానికి కాంటాక్టులు అవసరం లేదు కాబట్టి ఆ భాగానికి సమ్మతి చెల్లదు. రెండవది, సమ్మతి ఇవ్వడం ఎంత తేలికో, వెనక్కు తీసుకోవడమూ అంత తేలికగా ఉండాలి. మూడవది, సమ్మతి అడిగే నోటీసును ఇంగ్లీషులోనేగాక రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని భాషల్లో చదువుకునే వీలు ఇవ్వాలి. అంటే తెలుగులో అడిగే హక్కు మనకుంది. నాలుగవది మనకు బాగా తెలిసిన మాట, నామినేషను. మన తరువాత మన డేటా విషయంలో మన హక్కులు వినియోగించుకోవడానికి ఒకరిని నామినేట్ చేయవచ్చు. చట్టంలో ప్రభుత్వానికి ఇచ్చిన మినహాయింపులు ఎక్కువని విమర్శ ఉంది. ఆ విమర్శలో నిజం లేకపోలేదు. అయినా లేనిదానికంటే ఉన్నది నయం.

ప్రజలు అడిగితే ప్రభుత్వమూ వింటుందనడానికి ఒక నిదర్శనం చెబుతాను. 2025 నవంబరు చివర కేంద్ర టెలికం శాఖ, కొత్త ఫోన్లన్నిటిలో సంచార్ సాథీ అనే యాప్‌ను ముందే పెట్టి అమ్మాలని కంపెనీలను ఆదేశించింది. పోయిన ఫోన్లు వెతకడానికి, మన పేరుమీద ఎన్ని సిమ్ములున్నాయో చూసుకోవడానికి పనికొచ్చే యాప్ అది. పని మంచిదే. కాని తీసివేసే స్వేచ్ఛ ఉంటుందా, ఏమేమి అనుమతులు తీసుకుంటుంది అని దేశమంతా ప్రశ్నలు లేచాయి. డిసెంబరు 3న ఆ నిర్బంధాన్ని ఉపసంహరించుకున్నారు. ఇప్పుడు ఇష్టమున్నవారు పెట్టుకోవచ్చు. మంచి పనికైనా అడిగి తీసుకోవడం వేరు, అడగకుండా పెట్టడం వేరు.

ఇక ఆచరణకు వస్తాను. ఈ చిన్న జాబితాను ప్రత్యేక సంచికలోంచి కత్తిరించి గోడకు అంటించుకోవచ్చు.

1. ఫోనులో సెట్టింగ్స్ తెరిచి, యాప్స్ అన్నచోట ఒక్కొక్క యాప్ పేరు నొక్కితే ‘పర్మిషన్స్’ కనిపిస్తుంది. నెలకొకసారి చూడండి. ఫోను భాషను తెలుగులోకి మార్చుకుంటే అన్నీ తెలుగులోనే వస్తాయి.

2. ప్రతి అనుమతికీ ఒకే ప్రశ్న వేయండి: ఈ పనికి ఈ కాగితం కావాలా? క్యాబ్ పిలిచే యాప్‌కు మనమున్న చోటు కావాలి, కాని వాడుతున్నప్పుడు మాత్రమే. టార్చిలైటుకు, పంచాంగానికి కాంటాక్టులు అక్కరలేదు. వద్దంటే ఏ పని ఆగిందో చూసి, నిజంగా కావాలంటే అప్పుడే ఇవ్వవచ్చు.

3. జీవన్ ప్రమాణ్ ముఖ గుర్తింపు ద్వారా ఇంట్లోనే లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే సదుపాయం 2021 నవంబరులో వచ్చింది. దానికి కెమెరా అనుమతి ఇవ్వక తప్పదు, ఇవ్వండి. భయంతో అన్నిటినీ కాదనడం కూడా తెలివి కాదు. యాప్‌ను మాత్రం ప్లే స్టోరునుంచే తెచ్చుకోండి.

4. వాట్సాప్‌లో పేరు చివర ‘ఏపీకే’ అని ఉన్న ఫైలు వస్తే తాకవద్దు. బ్యాంకు కె.వై.సి. అని, ట్రాఫిక్ చలానా అని, పెళ్లి శుభలేఖ అని రకరకాల పేర్లతో వస్తాయి. లోపలికి వచ్చాక మెసేజీలు చదివే అనుమతి తీసుకుంటే ఓటీపీలు వారికే పోతాయి.

5. ‘యాక్సెసిబిలిటీ’ అనే అనుమతి చూపు సరిగా లేనివారికి సాయపడే యాప్‌ల కోసం పెట్టింది. అది ఇస్తే తెరమీద ఉన్నదంతా చదవవచ్చు, మన బదులు నొక్కవచ్చు. అదే అసలు బీరువా తాళం. ఫోను చేసినవారెవరో చెప్పారని దాన్నిగాని, తెర చూపించే యాప్‌నుగాని పెట్టవద్దు.

6. డబ్బు పోతే సిగ్గుపడి దాచవద్దు. వెంటనే 1930 నంబరుకు ఫోను చేయండి. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ.

పిల్లలకు ఒక మనవి. ‘‘నీకెందుకు నాన్నా, ఇలా ఇయ్యి’’ అని ఫోను లాక్కుని గబగబా నొక్కి ఇవ్వకండి. ఐదు నిమిషాలు పట్టినా మీ అమ్మచేతనే నొక్కించండి. చిన్నప్పుడు మీకు అక్షరాలు దిద్దించినప్పుడు పలక లాక్కుని మేమే రాసి ఇవ్వలేదు కదా! కుటుంబ పెన్షను తీసుకునే సోదరీమణులు చాలామంది ఒంటరిగా ఉంటున్నారు. ఏ కుర్రవాడి చేతిలోనో ఫోనుతో పాటు పిన్ను కూడా పెట్టవలసి వస్తోంది. వారికి నేర్పడమే వారికి మనం ఇవ్వగల రక్షణ.

చివరగా మన సంఘం ముందు రెండు ప్రతిపాదనలు ఉంచుతున్నాను. ఒకటి, నెలవారీ సమావేశంలో ఒక అరగంట ఫోను పరిశీలనకు కేటాయించాలి. తెలిసినవారు తెలియనివారి పక్కన కూర్చుని, వారి ఫోను వారిచేతనే తెరిపించి అనుమతులు సరిచూడాలి. రెండవది కొంచెం నొప్పి కలిగించవచ్చు, మన్నించాలి. మన వాట్సాప్ గ్రూపులో సభ్యుల జాబితాలు తిరుగుతున్నాయి. అందులో పేరు, ఫోను నంబరుతో పాటు పుట్టినతేదీ, పి.పి.ఓ. నంబరు, కొన్నిచోట్ల బ్యాంకు ఖాతా నంబరు కూడా ఉంటున్నాయి. వేసినవారిది సదుద్దేశమే, పని తేలికవుతుందని. కాని ఆ జాబితా చూడవలసినవారు కార్యదర్శి, కోశాధికారి ఇద్దరే. దాన్ని గ్రూపునుంచి తొలగించాలి. ఇకపై డైరెక్టరీలో ఒప్పుకున్నవారి పేరు, నంబరు మాత్రమే అచ్చువేయాలి. మిగతాది రిజిస్టరులో రాసి బీరువాలో పెట్టాలి. కంపెనీలను, ప్రభుత్వాన్ని ప్రశ్నించే ముందు మన ఇంటి రికార్డు మనం సరిగా పెట్టుకోవడం న్యాయం.

ఈ రెండింటినీ తీర్మానాలుగా స్వీకరించవలసిందిగా అధ్యక్షులవారిని కోరుతున్నాను.